ఆ గోళీలు చెత్తలో దొరికినయి కావు

మా ఊళ్లో ఒక కథ తిరుగుతున్నది. బర్మా నుంచి వచ్చిన ఒక ఆడమనిషి పాత సామాను కుప్పలో దొరికిన మందు గోళీలు ఏరి మొగునితో మింగించిందట, ఆయన పేగుకు బొక్క పడి చావు దాకా పోయి వచ్చిండట. మా దిక్కు ఆశా కార్యకర్త మీటింగుల్లో ఇది చెప్తది. కిరాణం దుకాణం కాడ చెప్పుకుంటరు. ఎవరన్నా డాక్టరును అడగకుండ మందు మింగబోతే "బర్మా ఆమె తీరు చెయ్యకు" అనుడు అలవాటైంది.

ఆమె బర్మా నుంచి వచ్చిన మాట నిజం. ఆయన పేగుకు బొక్క పడ్డ మాటా నిజమే. గోళీలు మాత్రం చెత్తలో దొరికినయి కావు. నేనిచ్చినయి. ఎట్ల ఇచ్చిన, తర్వాత ఎక్కడెక్కడ నోరు మూసుకున్న, అదంతా రాస్తున్న.

మా ఊరు కర్దనూరు పక్కన. తాతల కాలం నుంచి మాకు భూమి ఉండేది. నాకు బుద్ధి తెలిసేసరికి కొంత రోడ్డు కింద పోయింది, కొంత ప్లాట్లయింది. మిగిలిన దాంట్లో బోరు నీళ్లు రంగు మారి వరికి పనికిరాకుండ పోయినయి. మా నాయిన ఒకరోజు పొద్దున నన్ను తీస్కపోయి మందుల కంపెనీ గేటు కాడ నిలబెట్టిండు. హెల్పరుగ చేరిన. మెల్లగ ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ అయిన. పద్దెనిమిదేండ్లు అదే హాలు, అదే తెల్ల టోపీ.

ప్యాకింగ్‌లో మిషన్ ఒక ప్లాస్టిక్ షీటుకు గుంటలు చేస్తది. గుంటకొక గోళీ పడుతది. మీద రేకు అంటుకుంటది. ఏదన్నా గుంట ఖాళీగ ఉంటే ఆ స్ట్రిప్పును మిషన్ పక్కకు తోసేస్తది. గంటకోసారి కొన్ని స్ట్రిప్పులు తీసి నీలం నీళ్ల డబ్బాలో ముంచి గాలి గుంజుతం. గుంటలోకి నీలం దిగిందంటే అంటు సరిగ్గ పడలేదన్నట్టు. తేదీ అచ్చు చెదిరినా పక్కకే. నాకు తెలిసింది ఇదే: గుంట నిండిందా, అంటు పడ్డదా, తేదీ కనపడుతున్నదా. లోపలి గోళీ మనిషి ఒంట్లోకి పోయి ఏం చేస్తదో మాకెవ్వరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అయినా మందుల కంపెనీవాళ్లం కాబట్టి మందు తెలుసనుకున్నం.

పక్కకు తోసిన స్ట్రిప్పులను చించి, గోళీలు తీసి, కాల్చడానికి పంపాలె. పద్ధతి అది. కానీ ఆ గోళీలకు ఏ రోగమూ లేదు గదా. పది గుంటల్లో రెండు ఖాళీ ఉంటే మిగిలిన ఎనిమిది మంచియే. అట్లాంటివి రెండు మూడు టిఫిన్ డబ్బాలో వేసుకొని వచ్చేటోణ్ణి. సూపర్‌వైజర్‌ను గేటు కాడ అంతగా తడమరు. నేనొక్కణ్ణే కాదు, కానీ ఇక్కడ నా సంగతే చెప్తున్న.

మా ఇంట్లో బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. దాన్నిండ స్ట్రిప్పులు. దగ్గుకు, జెరానికి, పంటి నొప్పికి, అన్నిటికీ అందులోంచే తీసేది. పిల్లలకు ముక్కు కారితే నా భార్య సగం గోళీ తుంచి తేనెలో వేసేది. మా మామ కోళ్లకు తెగులొస్తే వాటి నీళ్లలో కూడ కలిపిండు. వాడకట్టోళ్లు వచ్చి "కంపెనీ డాక్టరున్నడా?" అని నవ్వుకుంట అడిగేది. ఆ మాట నాకు నచ్చేది.

బర్మావాళ్లకు గోళీలు మింగే పిచ్చి అంటరు. ఆ పిచ్చి మాది. వాళ్లు మా దగ్గర నేర్చుకున్నరు.

రోడ్డు పక్కన మిగిలిన జాగాలో నేను రేకుల రూములు మూడు వేసిన. ఆరేండ్ల కింద పాత సామాను కొనే షావుకారి ఒకాయన మొగుడు పెళ్లాలను తీసుకొచ్చి, "శరణార్థులు, కార్డు ఉంది, మంచోళ్లు, కిరాయికియ్యి" అన్నడు. నా కాడ కిరాయికి ఉన్నరని పోలీసుల కాడ నేను సంతకం పెట్టి ఇచ్చిన. మొగునికి నా వయసే ఉంటది. సన్నగ, గళ్ల లుంగీ, ఎప్పుడూ ఏదో ఒక ముచ్చట. మూడు చక్రాల బండి తొక్కుకుంట ఊరూరూ తిరిగి పాత సామాను ఏరుకొచ్చేది. ఆమె రూము ముందర గోనెపట్ట వేసుకొని కూర్చుండి వైర్లు ఒక దిక్కు, సీసాలు ఒక దిక్కు, అట్టలు ఒక దిక్కు వేరు చేసేది. మా మాటలన్నీ ఉర్దూల సాగేటివి. ఇక్కడ తెలుగులో రాస్తున్న. ఇంటి ఓనరునని ఆయన నన్ను మాలిక్ అనేటోడు. నేను ఆయనను భాయ్ అని, ఆమెను భాభీ అని పిలిచేటోణ్ణి.

ఆమెకు ఒక నియమం ఉండేది. కుప్పలో ఏది దొరికినా నోట్లో పెట్టొద్దు. సూదులు, మందు సీసాలు, గోళీల స్ట్రిప్పులు సామాన్లలో వస్తనే ఉంటయి. వాటిని కట్టెపుల్లతో పక్కకు జరిపి, గుంత తీసి పూడ్చేది. ఒకసారి పక్క రూము ఆమె కుప్పలోంచి సీలు తియ్యని దగ్గు మందు సీసా తీసుకుంటే గుంజుకొని పారబోసింది. ఇది నేను కండ్లతో చూసిన. ఈ సంగతి గుర్తుంచుకోవాలె.

మొదటిసారి ఆయన కాలు కోసుకున్నప్పుడు గోళీలిచ్చిన. ఆయన గడప మీద కాలు చాపుకొని కూర్చున్నడు. మడమ కాడ చీము.

"ఏమైంది భాయ్?"

"ఏం లేదు మాలిక్. రేకు ముద్దు పెట్టింది."

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. కార్డు చూపెట్టిన. అటు తిప్పిన్రు, ఇటు తిప్పిన్రు. ఆధార్ ఏది అన్నరు. నా కాలుకు ఆధార్ లేదు సాబ్ అన్న."

లోపలి నుంచి ఆమె అన్నది, "మాటలకేం తక్కువ లేదు. పొద్దంత నవ్వుతడు, పండుకుంటే మూలుగుతడు. నువ్వన్నా చెప్పు భాయ్."

నేను ఇంటికి పోయి డబ్బాలోంచి ఒక స్ట్రిప్పు తెచ్చిన. రెండు గుంటలు ఖాళీ, ఎనిమిది గోళీలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని చెప్పిన. ఆమె స్ట్రిప్పు తీసుకొని, వైర్లు కత్తిరించే కత్తెరతో మొదట రెండు గోళీలు కత్తిరించి పక్కన పెట్టింది. ఆరు మాత్రం మొగుని చేతికిచ్చింది.

"అవెందుకు తీసినవ్?"

"దారికి" అన్నది.

నాకు అర్థం కాలేదు. రేకు సందులోంచి ఒక గుడ్డ మూట తీసి విప్పింది. కార్డులు, ఒక ప్లాస్టిక్ కవరు, ఒక చిన్న ఫోటో, ఉప్పు పొట్లం, దారం ఉండ. అది వాళ్ల దారి మూట. లెమ్మంటే లేచి పోవాలె కాబట్టి ఎప్పుడూ కట్టే ఉంటదట. వాళ్ల దిక్కు నుంచి వచ్చినోళ్లందరి ఇండ్లల్లో ఇట్లాంటిది ఉంటదట. ఏ మందు చేతికొచ్చినా ముందు దారి వంతు తీసి, మిగిలింది రోగి వంతు.

"నడిచి వచ్చినప్పుడు తొమ్మిది దినాలు" అన్నది ఆమె. "పెద్ద పిల్లకు జెరం. అంత మందిమి ఉన్నం, ఒక్కరి కాడ ఒక్క గోళీ లేదు."

ఆ తర్వాత ఆ పిల్ల సంగతి ఆమె చెప్పలేదు. ఫోటోను మళ్ల మూటలో పెట్టింది.

అప్పుడు నేనేం చెప్పాలె? రోగి వంతు మొత్తం రోగి మింగాలె అని చెప్పాలె. నాకా సంగతి తెల్వదు. తెల్వదన్న సంగతి కూడ తెల్వదు. "మంచి పని చేస్తున్నవ్ భాభీ" అన్న. "నొప్పి తగ్గినంక అంతటితో ఆపెయ్యి. మిగిలినయి కూడ దాచుకో. మందు దండగ చెయ్యొద్దు." అంతటితో ఆగలేదు. స్ట్రిప్పు తిప్పి, తేదీ ఎక్కడ కొడతరో చూపించి, ఎట్ల చదవాల్నో నేర్పిన. ఆమెకు అంకెలు వచ్చు. రెండు దినాల్లో నేర్చుకున్నది. తర్వాత నేను పోయినప్పుడల్లా మూట విప్పి, ముందు తేదీవి మీదికి, వెనక తేదీవి కిందికి పెట్టింది చూపించేది. మా సెక్షన్‌లో కొత్తగ వచ్చిన పిలగాండ్లకన్నా ఆమె నయం అని ఇంటికొచ్చి నా భార్యకు చెప్పుకొని మురిసిన.

కాలు మూడు దినాలకు మానింది. ఆయన నన్ను "మాలిక్ కాదు, హకీం సాబ్" అన్నడు, డాక్టరన్నట్టు. తర్వాత ఆమె పంటికి ఒకసారి, ఇద్దరి కడుపు నొప్పికి ఒకసారి ఇచ్చిన. పక్క రూములోళ్లూ అడిగిన్రు, ఇచ్చిన. అందరివీ మూడు దినాల్లోనే తగ్గినయి. అందరూ దారి వంతు తీసిన్రు, నొప్పి పోంగనే మిగతాదీ మూటలో పెట్టిన్రు.

వానాకాలంలో ఆయనకు జెరం పట్టుకున్నది. పొద్దున కొంచెం, పొద్దుగూకితే ఎక్కువ. ఒక స్ట్రిప్పిచ్చిన. నాలుగు దినాలకు దిగింది. ఆపిండు, బండి తొక్కిండు. పది దినాలకు మళ్ల వచ్చింది. ఆమె మూటలోంచి కొన్ని, నేనిచ్చినయి కొన్ని కలిపి మింగిండు. మళ్ల దిగింది, మళ్ల ఆపిండు. మూడోసారి వచ్చినప్పుడు అన్నం వాసనకే తల తిప్పుకున్నడు. "ఇవి పని చేస్తలేవు భాయ్" అన్నది ఆమె. నేను వేరే రంగు గోళీలు తెచ్చి, "ఇవి గట్టివి" అన్న. గట్టివని నాకెవరు చెప్పిన్రు? పెట్టె మీద ఎక్కువ మిల్లీగ్రాములు రాసి ఉన్నదని నేనే అనుకున్న.

రెండు దినాల తర్వాత ఆయన ఎవరినీ గుర్తుపట్టని తీరుగ మాట్లాడుతుంటే ఆటోలో వేసుకొని పటాన్‌చెరులో ఒక చిన్న నర్సింగ్ హోంకు తీసుకపోయినం. చిన్న వయసు డాక్టరు. మంచిగనే చూసిండు. ఆయనకు తెలుగు తప్ప రాదు, ఆమెకు తెలుగు సరిగ్గ రాదు. నడుమ నేను.

"ఎన్ని రోజుల నుంచి జ్వరం?"

"నెల దాటింది సార్. వస్తది, పోతది."

"ఇంతకుముందు ఏమన్నా మందులు వాడిన్రా? యాంటీబయాటిక్స్ ఏమన్నా? జాగ్రత్తగ గుర్తు చేసుకొని చెప్పండి."

మందులు అన్న మాట ఆమెకు అర్థమైంది. నా మొఖం చూసింది. మూట ఆమె ఒడిలోనే ఉన్నది.

నాకు ఒక్కసారి ఏం తోచిందంటే, ఏ మందు అని అడుగుతడు, ఎక్కడిది అని అడుగుతడు, ఈ ఊళ్లో డాక్టర్లకు కంపెనీవాళ్లు అందరూ తెలిసే ఉంటరు. దొంగతనం కేసు. పద్దెనిమిదేండ్ల నౌకరి.

"లేదు సార్" అన్న. "పారాసిటమాల్ ఒక్కటే."

డాక్టరు రాసుకున్నడు. ఆమె స్కార్ఫు ముందుకు లాక్కున్నది. మూట విప్పలేదు.

రక్తం తీసి పరీక్షకు పంపిన్రు. టైఫాయిడ్ క్రిమి పెరుగుతదేమో చూడాలన్నరు. రెండు దినాలకు, ఏం పెరగలేదు అని వచ్చింది. ఆ దినాల్లో ఊరంతా డెంగీ ఉన్నది, ఆయనకు ప్లేట్‌లెట్లు తక్కువున్నయి. డెంగీ లాంటిదే అనుకొని సెలైన్ పెట్టిన్రు. ఆ డాక్టరును నేను తప్పు పట్టను. నేను చెప్పిన మాట మీద ఆయన నడిచిండు. నాలుగో దినం పొద్దున భాయ్ కడుపు పట్టుకొని అరిచిండు. నేను చెయ్యి పెట్టి చూసిన, పలక తీరుగ గట్టిగ ఉన్నది. అంబులెన్సులో నగరంలోని పెద్ద సర్కారు దవాఖానకు పంపిన్రు. పేగుకు బొక్క పడ్డదని పొద్దుగూకక ముందే ఆపరేషన్ చేసిన్రు. పేగు కొస బయటికి తీసి, మలం పడేటందుకు పొట్ట పక్కన సంచి కట్టిన్రు.

ఆపరేషనైన మూడో దినం నేను డ్యూటీ నుంచి సీదా అక్కడికే పోయిన. నగరం అవతలి కొసన ఉండే ఆయన అక్క కూడ వచ్చి ఉన్నది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మంచం కాడికి వచ్చింది. నడి వయసు మనిషి, ఉర్దూ మంచిగ మాట్లాడుతది. నా అవసరం లేకపోయింది.

"అమ్మా, ఈయన ఏమేం మింగిండో నాకు తెలియాలె. నేను తిట్టను. దాచిపెడితే ఈయనకే నష్టం."

ఆమె మూట విప్పింది. స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచింది, తేదీల వరుసలోనే. డాక్టరమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని వేలితో తడిమింది.

"వీటిల గుంటలు మొదట్నుంచే ఖాళీ. మీద రేకు చినగలేదు, లోపల గోళీ లేదు. దుకాణంల ఇట్లాంటివి అమ్మరు. ఎక్కడివి ఇవి?"

నేను మంచం కాళ్ల దిక్కు నిలబడ్డ. నా మెడలో కంపెనీ కార్డు ఉన్నది. దాన్ని మెల్లగ అంగీ లోపలికి తోసిన. తోసి కిటికీ దిక్కు చూసిన.

"కబాడ్‌లో, పాత సామాన్లల్ల దొరికినయి" అన్నది ఆమె.

డాక్టరమ్మ స్ట్రిప్పును మంచం మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగ చెప్పింది. సగం సగం మింగి ఆపితే క్రిమి చావదు, అణిగి ఉండి మళ్ల లేస్తది. లేచినప్పుడల్లా ఆ మందుకు అలవాటు పడుతది. రక్తం తీసే ముందు గోళీ మింగి ఉంటే పరీక్షలో క్రిమి కనపడక పోవచ్చు. "మొదటి దవాఖానలో ఈ సంగతి చెప్పి ఉంటే వాళ్లు ఆ పరీక్షను నమ్మేటోళ్లు కాదు. పేగు దాకా వచ్చేది కాదేమో." ఈ మాట ఆమెను చూసే అన్నది. నేను విన్న.

డాక్టరమ్మ పోంగనే ఆయన అక్క లేచింది. "కుప్పలో కుక్కలు ముట్టనియి తెచ్చి నా తమ్మునికి పెట్టినవా? వాడు బండి తొక్కి నిన్ను సాకితే ఇదా నువ్వు పెట్టేది?" వార్డంతా చూసింది. ఆమె స్ట్రిప్పులు ఒక్కొక్కటి ఏరి మళ్ల మూట కట్టుకున్నది.

బయట నల్లా కాడ ఆమెను అడిగిన. "ఎందుకట్ల చెప్పినవ్ భాభీ?"

"నీ నౌకరి పోతే నువ్వు మమ్మల్ని ఉంచుతవా?" అన్నది. "పోలీసుల కాడ సంతకం నీది. నీ మీద జాలితోని చెప్పలే. రూము కోసం చెప్పిన."

రూము కూడ నిలవలేదు. ఆయన పొట్టకు సంచితో బండి తొక్కలేడు. దవాఖాన నుంచి సీదా అక్క ఇంటికే తీసుకపోయిన్రు. సామాను తీసుకపోవడానికి ఆమె ఒక్కతే వచ్చింది. నేను డ్యూటీలో ఉన్న. డ్యూటీ లేకున్నా ఆ దినం ఉండకపోదును.

అంబులెన్సు వచ్చిన సంగతి, గోళీల సంగతి ఊళ్లోకి ఎట్లనో వచ్చింది. పక్క రూములోళ్లు కూడ అప్పటికే ఖాళీ చేసిన్రు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాదు అని కూడ చెప్పలేదు. అట్ల ఆ కథ తయారైంది.

ఏడాదిన్నర గడిచింది. నేను నడుము నొప్పితో నౌకరి మానేసిన. ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చి, మందుల వాడకం మీద మీటింగు పెట్టాలె, మీ రేకుల రూము ఖాళీగనే ఉన్నది గద అన్నది. వాళ్లు ఉన్న రూమే. కుర్చీలు నేనే వేసిన. పది పదిహేను మంది ఆడోళ్లు వచ్చిన్రు. ఆమె పుస్తకం చూసి చెప్పవలసింది చెప్పి, చివరికి, "ఇంకెక్కడిదో కాదు, ఈ రూముల ఉన్న బర్మా ఆమెనే చూడుండ్రి" అని మొదలుపెట్టింది. చెప్పుకుంట నా దిక్కు తిరిగింది. "అంతేనా మామా? నువ్వే గద దవాఖానకు తీసుకపోయినవ్."

నేను తలూపిన.

నా భార్య వెనక వరుసలో కూర్చున్నది. ఇంటికి వచ్చినంక అన్నం పెట్టుకుంట అన్నది, "తలూపినవ్."

"ఏం చెయ్యమంటవ్? అందరి ముందర..."

"డబ్బా ఇంకా అటక మీదనే ఉన్నది. మనిద్దరికీ తెలుసు. నౌకరి కూడ పోయె, ఇంకా ఎవరికి భయపడుతున్నవ్?"

నౌకరి పోయినంకనే నేను కదిలిన. ఇది కూడ రాయాలె. నౌకరి ఉంటే కదిలేటోణ్ణి అని చెప్పలేను.

రెండు బస్సులు మారి నగరం అవతలికి పోయిన. ఫ్లెక్సీలు, గోనెపట్టలు కప్పిన గుడిసెల వరుస. అడుగుకుంట పోతే ఆయనే కనపడ్డడు. నేల మీద కూర్చుండి వైర్ల తోలు ఒలుస్తున్నడు. సగానికి సగమయిండు. సంచి తీసేసి పేగు మళ్ల కలిపిన్రట.

"అరే మాలిక్! దారి తప్పినవా ఏంది?"

ఆమె బయటికి వచ్చింది. సలాం చెయ్యలేదు. మంచినీళ్లు తెచ్చి ముందర పెట్టింది. నేను తాగి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టిన. ఆ గోళీలు నేనిచ్చినయి, డాక్టరుకు నేనే అబద్ధం చెప్పిన అన్న.

ఆయన తోలు ఒలుసుడు ఆపలేదు. "నాకు తెల్వదా మాలిక్? నా నోట్లోకే పోయినయి గద. అక్కకు చెప్పిన. పెండ్లాన్ని కాపాడుకోను అంత పెద్దమనిషి మీద వేస్తున్నవా, ఉండ జాగ ఇచ్చినోని మీద, అన్నది. ఈడ అందరూ అదే అన్నరు. ఈమె ఇచ్చిన చాయ్ కూడ కొందరు తాగరు."

నేను ఇంకేదో చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మాకు చెప్పుడు కాదు భాయ్. ఈయన అక్క నీళ్లకు పోయింది. వచ్చేదాక కూర్చో."

గంట సేపు కూర్చున్న. ఆయన ఏదో ఒకటి అడిగిండు, మా బోరు సంగతి, కొత్త ప్లాట్ల సంగతి. ఆమె తల ఎత్తకుండ వైర్లు వేరు చేసుకుంటనే ఉన్నది. ఆయన అక్క నీళ్ల డబ్బాలతో వచ్చింది, వెనక ఇంకిద్దరు ఆడోళ్లు. భాభీ వాళ్లను కూడ ఆపింది. "ఇట్ల రండి. ఈయన ఏదో చెప్తడట."

మళ్ల చెప్పిన. ఒకసారి స్ట్రిప్పు ఇచ్చిన అంటే ఆమె ఆపింది.

"ఒకసారి కాదు. కాలుకు ఒకసారి, పంటికి, కడుపుకు, జెరానికి మూడుసార్లు. లెక్క సరిగ్గ చెప్పు."

సరిగ్గ చెప్పిన.

"నొప్పి పోయినంక ఆపెయ్యమన్నది ఎవరు?"

"నేనే."

"పటాన్‌చెరు డాక్టరు సంగతి?"

చెప్పిన.

"పెద్ద దవాఖానలో కార్డు సంగతి చెప్పు."

అది ఆమె చూసిందని నాకు అప్పటిదాక తెల్వదు. మెడలో కార్డు ఉన్నది, అంగీలోకి తోసిన, కిటికీ దిక్కు చూసిన అని చెప్పిన.

అక్క నీళ్ల డబ్బా ఇంకా చేతిలోనే పట్టుకొని ఉన్నది. "తెల్ల అంగీ వేసుకొని వచ్చి కూర్చున్నవ్" అన్నది నన్ను చూసి. "ఏడాదిన్నర. నా నోటితోని ఆమెను ఏమేం అనిపిచ్చినవ్." మరదలి దిక్కు మాత్రం చూడలేకపోయింది. డబ్బా దించి లోపలికి పోయింది. లోపల స్టవ్వు ముట్టించిన చప్పుడైంది. కొంచెంసేపటికి చాయ్ తెచ్చి మొదటి గ్లాసు మరదలి చేతికిచ్చింది. నాకు ఇయ్యలేదు.

నేను లేచిన. భాభీ రోడ్డు దాక వచ్చింది. దారి మూట ఇంకా ఉన్నదా అని అడిగిన.

"ఉంటది. అండ్ల ఆ గోళీలు లేవు. డాక్టరమ్మ చెప్పిన ఉప్పు చక్కెర పొట్లాలు, జెరం గోళీలు, ఈయన దవాఖాన కాయితాలు. అంతే." మళ్ల అన్నది, "మీ ఊళ్ల కూడ చెప్తరట గద నా సంగతి. షావుకారి చెప్పిండు."

"చెప్తరు."

"ఆడ కూడ చెప్పు. ఈడ చెప్పినట్టే. అన్నీ."

ఇంటికి వచ్చి డబ్బా అటక మీదికెళ్లి దించినం. ఆశా కార్యకర్తను పిలిచి అప్పజెప్పి, మొదట్నుంచి చెప్పిన. ఆమె పరేషాన్ అయింది. "ఇప్పుడు మీటింగుల ఏమని చెప్పాలె మామా? ఆమెకు బదులు నిన్ను పెట్టాల్నా?"

"పెట్టు" అన్న.

తర్వాతి మీటింగులో నేనే నిలబడి చెప్పిన. కొందరు నమ్మిన్రు. కొందరు, "ఉన్నంత కాలం కిరాయి సక్కగ కట్టిన్రు, అందుకే వెనకేసుకొస్తున్నడు" అన్నరు. ఇప్పుడు ఆశా కార్యకర్త పక్కన ఇంద్రేశం ఊరి దిక్కు మీటింగులకు పోయినా, మా ఊరి ప్యాకింగ్ ఆయన అనే చెప్తున్నదని విన్న. కిరాణం దుకాణం కాడ మాత్రం పాత మాట పోలేదు. మొన్న ఎవరో డాక్టరు చిట్టీ లేకుండ తెచ్చుకున్న గోళీలు మింగబోతుంటే, పక్కనోడు నవ్వుకుంట "బర్మా ఆమె తీరు చెయ్యకురా" అన్నడు. నేను బీడీ కట్ట కొనడానికి పోయిన.

"ఆమె కాదు" అన్న.

దుకాణాయన తూకం రాళ్లు సర్దుకుంట, "ఇగ మొదలుపెట్టిండు" అన్నడు.

మొదలుపెట్టిన. కాలు కాడి నుంచి, కార్డు దాక.